మెట్ల మీద ఆరుగురు

పాత బొమ్మలకు వివరం రాయడం నా పని. వేలానికొచ్చిన ప్రతి బొమ్మకూ నాలుగైదు వాక్యాలు రాయాలి. అందులో ఉన్నవాళ్ళెవరు, ఏం చేస్తున్నారు, ఏ కాలంవాళ్ళు, గీసినవాడు ఏం చెప్పదలుచుకున్నాడు. పారిస్‌లో మా వేలంశాలకు వచ్చే, రాతి మీద గీసి కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మలన్నీ పన్నెండేళ్ళుగా నా బల్ల మీదుగానే పోతున్నాయి. బట్టలుతికే ఆడవాళ్ళు, భుజాన బకెట్లతో నీళ్ళు మోసేవాళ్ళు, వానలో ఒకే గొడుగు కింద తోసుకునే గుమాస్తాలు... వందేళ్ళ కిందటి మా ఊరి జనం. వాళ్ళ మొహాలు నాకు మా ఇంటి చుట్టుపక్కలవాళ్ళ మొహాలకంటే బాగా తెలుసు. "లెయొనీ చూసి చెప్పిందంటే ఇక తిరుగులేదు" అని మా యజమాని అందరి ముందూ అనేవాడు. ఆ మాట నా తలకెక్కింది.

1926 నవంబరులో ఒక ముసలావిడ ఇంట్లోని బొమ్మలు అమ్మకానికొచ్చాయి. ఆవిడ పేరు కెనెల్. పెళ్ళి చేసుకోలేదు, ఎనభై దాటాయి. అమ్ముతున్నది ఆవిడ మేనల్లుడు ఒక్తావ్. బొమ్మలన్నీ మా దగ్గరికి చేరాయి గానీ ఒక్కటి మాత్రం రాలేదు. దాన్ని ఆవిడ గోడ మీంచి దించనివ్వడం లేదట. అక్కడికే వెళ్ళి చూసి రాసుకు రమ్మని నన్ను పంపారు.

ఆ ఇల్లు సేన్-మెర్రీ చర్చి వెనక ఒక ఇరుకు సందులో ఉంది. నేను వెళ్ళేసరికి నాలుగున్నర. నవంబరులో ఆ వేళకే వెలుతురు బూడిద రంగుకు తిరుగుతుంది. గేటు దగ్గర గదిలో కాపలా ఉండే మదామ్ బుర్దూ కేబేజీ ఉడకబెడుతోంది. తలుపు సందులోంచి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవరి కోసం?"

"మదమ్వాజెల్ కెనెల్ కోసమండీ."

"ఓహో, బొమ్మ మనిషివా. మూడో అంతస్తు. బూట్లు తుడుచుకుని ఎక్కు, ఇప్పుడే కడిగి చచ్చాను. ఇంకో మాట. అయిదున్నరకల్లా దిగిపో. ఆ తర్వాత నువ్వు గొంతు చించుకున్నా నేను పైకి రాను. ముందే చెప్పేశాను, తర్వాత నన్ననకు."

మెట్లు ఇరుకుగా, గుండ్రంగా పైకి తిరిగాయి. రాళ్ళు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. తడి సున్నం వాసన. మూడో అంతస్తులో ఒకటే తలుపు. ఓక్ చెక్క, నల్లబడి ఉంది. నేను తట్టేలోపే తెరుచుకుంది. ఒక్తావ్ టోపీ పెట్టుకుని బయటికి వస్తున్నాడు.

"అత్తా, ఇదుగో మీ నిపుణురాలు. బొమ్మలతో మాట్లాడుతుందట. మనుషులెవరూ దొరక్క కాబోలు." నా పక్కనుంచి దూసుకుపోతూ, "తొందరగా కానివ్వండి. ఈవిడ చచ్చేదాకా ఆగాలంటే నా వల్ల కాదు" అన్నాడు, ఆవిడకు వినపడేలాగే.

అంతా కలిపి ఒకే పెద్ద గది. ఒక మంచం, ఒక పొయ్యి, బల్ల మీద నీళ్ళ కూజా, కిటికీ పక్కన కుర్చీలో ఆవిడ. నల్ల శాలువాలో ఎముకల మూటలా ఉంది. కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"తలుపెయ్. కూర్చోకు. నిలబడే చూడు. ఇంతకుముందు ఇద్దరొచ్చారు. ఇద్దరూ బుద్ధిమంతులు. తమాషా బొమ్మ అని రాసుకుని టోపీ పెట్టుకుని పోయారు. నువ్వూ అదే రాసుకుని నడువు."

"ముందు చూడనివ్వండి మేడమ్."

"చూడ్డానికేముంది? కింద అచ్చేసి ఉందిగా. చదువొచ్చా?"

నిజమే, గోడ మీది బొమ్మ కింద అక్షరాలున్నాయి. "ష్... కొత్త దంపతులు!"

ఇరుకు మెట్లు, ఒక మూసిన తలుపు, దాని ముందు ఆరుగురు. చీపురు పట్టుకున్న కాపలా ఆడమనిషి తలుపుకు చెవి ఆనించింది. నీళ్ళు మోసేవాడు బకెట్లు పక్కన మెట్టు మీద పెట్టి వీపు తలుపుకు ఆనించాడు. తలుపు పై అంచుకు తగిలేంత ఎత్తున్న పొడుగు టోపీ పెద్దమనిషి అరచెయ్యి తలుపు మీద పెట్టాడు. లావుపాటి వంటావిడ ఏప్రాన్ నోటికడ్డం పెట్టుకుంది. పాలగిన్నె పనిపిల్ల కింద గొంతుకూర్చుని తలుపు అడుగు సందులోకి వంగింది. రాత్రి టోపీ తాత వెనకనుంచి అందరి మీదా పడుతున్నాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళ గుసగుసలు వినడానికి ఇరుగుపొరుగు ఎగబడ్డారన్నమాట. ఆ రోజుల్లో ఇలాంటివి బోలెడు అమ్ముడుపోయేవి.

పెన్సిల్ తీసి రాయడం మొదలుపెట్టాను. 'హాస్య చిత్రం. మెట్ల మీద ఆరుగురు...' అక్కడే చెయ్యి ఆగింది.

ఆరుగురిలో ఒక్కరూ నవ్వడం లేదు.

భూతద్దం తీశాను. వంటావిడ ఏప్రాన్ నోటికి కాదు, ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అందరి మెడల్లోనూ చిన్న గుడ్డ సంచి వేలాడుతోంది. కర్పూరం సంచి. అలాంటివి మా ఊళ్ళో జనం మెడలో కట్టుకున్న సంవత్సరం నాకు తెలుసు. గడప పొడుగునా తెల్లటి చారిక. కాగితం అలా వదిలేశాడనుకున్నాను. కాదు, సున్నప్పొడి చల్లారు. పనిపిల్ల సందులోంచి చూడటం లేదు, గుడ్డపీలికలు కుక్కుతోంది. చీపురు కర్ర గడియ కింద బిగించి ఉంది. నీళ్ళవాడి కాళ్ళు ఎదురు మెట్టుకు తన్నిపెట్టి ఉన్నాయి. పెద్దమనిషి చేతి మీద నరాలు ఉబ్బి ఉన్నాయి.

వాళ్ళు వినడం లేదు. తలుపు తెరుచుకోకుండా పట్టుకున్నారు.

"ఎంతసేపు?" అంది ముసలావిడ.

బొమ్మలో మెట్టు కింద నీడలో, గీతల మధ్య ఏవో అక్షరాల్లా ఉన్నాయి. తలకిందులు కాదు, ఎడమ కుడి మారాయి. రాతి మీద మామూలుగా రాసింది కాగితం మీదికి తిరగబడి వస్తుంది. కింద అచ్చేసిన మాట జనం చదవాలని రాతి మీద తిప్పి రాశాడు. ఇది ఎవరూ చదవక్కర్లేదనుకుని తన కోసం రాసుకున్నాడు. సంచీలోంచి చేతి అద్దం తీసి ఎదురు పెట్టాను.

'మూడో రోజు. ఇంకా కొడుతోంది.'

ఆ బొమ్మ నాకెందుకంత తొందరగా అర్థమైందో చెప్పాలి. 1918 అక్టోబరులో, ఫ్లూ వచ్చినప్పుడు, నా పక్క గదిలో రొజీన్ అనే పిల్ల ఉండేది. టోపీలు కుట్టేది. రెండు రోజులు గోడ కొట్టింది. మెల్లిగా, అడుగునుంచి, నేల మీద పడుకున్న మనిషి కొట్టినట్టు. ఆ పిల్ల కనబడ్డం లేదేమని మెట్ల మీద ఎవరో అడిగారు. "ప్రియుడొచ్చుంటాడు, మనమెందుకు పానకంలో పుడకలా?" అన్నాను. అందరూ నవ్వారు. నాకు జబ్బు అంటుకుంటుందని భయం. మర్నాడు చప్పుడు ఆగిపోయింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఇది తమాషా బొమ్మ కాదు" అన్నాను.

"నోర్ముయ్."

"ఇది 1832. కలరా. లోపల ఎవరో ఉన్నారు. బతికే ఉన్నారు. వీళ్ళంతా కలిసి..."

"నోర్ముయ్యమన్నానా!" ఆవిడ కుర్చీలోంచి లేచింది. అంత చప్పున లేవగలదనుకోలేదు. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. గొంతు తగ్గించి, తలుపు వైపు చూస్తూ అంది: "తెలివి ఎక్కువైందా నీకు? ఆ ముందొచ్చినవాళ్ళు గుడ్డివాళ్ళనుకున్నావా? ఆ రెండోవాడికి అంతా తెలిసింది. మొహం పాలిపోయింది. అయినా తమాషా అనే రాశాడు. బతకడం తెలిసినవాడు."

"ఎవరామె?"

"ఎవరో కుట్టుపని మనిషి. మొగుడు ముందురోజే పోయాడు. పేరు కూడా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆ పొడుగు టోపీ మా తాత. ఇల్లు ఆయనది. గీసినవాడు పై అంతస్తులో ఉండేవాడు. వాడూ దిగి రాలేదు. పై మెట్టు మీద కూర్చుని గీశాడు, వెధవ." నా మణికట్టు వదిలింది. "ఏ తలుపో తెలిసిందా నీకు?"

బొమ్మలో తలుపు మెట్లకు ఎడమవైపు ఉంది. అచ్చులో అన్నీ తిరగబడతాయి. అసలు తలుపు కుడివైపు ఉండాలి. ఇందాక నేను ఎక్కి వచ్చిన మెట్లు... కుడివైపు నల్లబడిన ఓక్ తలుపు...

మేమిద్దరం దాని లోపల ఉన్నాం.

చర్చి గంట అరగంట కొట్టింది. అయిదున్నర.

కింద, మెట్ల మొదట్లో, ఏదో నీళ్ళు తొణికిన చప్పుడు.

"వచ్చేశారు" అంది ముసలావిడ. కోపమంతా దిగిపోయింది. "రోజూ వస్తారు. గుమ్మం దగ్గర నిలబడతారు. లోపల ఏమంటున్నామో వింటారు. నేను రోజూ తమాషా బొమ్మ, తమాషా బొమ్మ అంటాను. వెళ్ళిపోతారు. యాభై ఏళ్ళుగా. ఇవాళ నువ్వు..."

బరువైన అడుగులు, అడుగడుక్కీ నీళ్ళ తొణుకు. వాటి వెనక చేతికర్ర టక్కు టక్కు. ఈడ్చుకుంటున్న చెప్పులు. లావుపాటి మనిషి రొప్పు. గిన్నె మూత గలగల. అన్నిటికంటే వెనక, మెట్టు మెట్టుకీ ఆగి దగ్గే ముసలి దగ్గు.

మొదటి అంతస్తు... రెండు...

నేను తలుపు దగ్గరికి పరిగెత్తి గడియ తిప్పాను. గడియ తిరిగింది. తలుపు ఒక వేలెడు కదిలింది. అంతే. అవతల మెత్తగా ఏదో అడ్డం. వీపు. మళ్ళీ నెట్టాను. చెక్కకు అటువైపు గుడ్డల రాపిడి, కర్ర బిగుసుకున్న కిర్రు. సందులోంచి వాసన వచ్చింది. కర్పూరం, సున్నం, దాని కింద ఇంకేదో కుళ్ళిన తీపి. నా మొహానికి అంగుళం దూరంలో ఊపిరి. చాలామంది ఊపిరి.

"తెరవండి! నేను వేలంశాల మనిషిని! నాకేం జబ్బు లేదు!"

అటునుంచి ఆడ గొంతు, చాలా మామూలుగా, పక్కింటావిడతో అన్నట్టు అంది:

"అందరూ అలాగే అంటారు."

అప్పుడు కొట్టడం మొదలైంది.

బయటినుంచి కాదు. లోపలినుంచి. నా మోకాలి పక్కన, తలుపు అడుగున. మూడు దెబ్బలు... ఆగి... మళ్ళీ మూడు. అక్కడ ఎవరూ లేరు. చెక్క మాత్రం అదురుతోంది. నా గౌను అంచు తడిసి బరువెక్కింది, ఎవరో పట్టుకున్నట్టు. కింద నేల దగ్గర, నాలిక ఎండిపోయిన గొంతు...

"నీళ్ళు..."

బల్ల మీద కూజా నాకు మూడడుగుల దూరంలో ఉంది. నిండుగా ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

నేను చాపలేదు.

"నవ్వు" అంది ముసలావిడ వెనకనుంచి. "బయటికి పోవాలంటే నవ్వు. తమాషా అని వాళ్ళకు వినపడేట్టు నవ్వు."

"మీరు?"

"నాకు ఊపిరెక్కడిది? నేను చాలాసార్లు నవ్వేశాను. నువ్వు నవ్వు, నీతో నేనూ వస్తా. చెయ్యి పట్టుకో."

"నీళ్ళు..." గౌను అంచు మళ్ళీ లాగింది.

నేను నవ్వాను. "కొత్త దంపతులు!" అని అరిచాను. "పాపం, వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యండి!" ఎనిమిదేళ్ళ కిందట మెట్ల మీద నవ్విన నవ్వే, అదే గొంతుతో. నవ్వుతున్నకొద్దీ అవతల ఒక్కొక్క బరువూ తగ్గింది. చివరికి తలుపు దానంతటదే తెరుచుకుంది.

మెట్ల మీద ఎవరూ లేరు. రాళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

నేను బయటికి అడుగేశాను. ముసలావిడ వేళ్ళు నా మోచేతిని పట్టుకుని ఉన్నాయి. ఆ పట్టు నాకు తెలుస్తూనే ఉంది. నేను చెయ్యి విదిలించాను. నిజం చెబుతున్నాను. కంగారులో జారిపోలేదు. విదిలించాను. తలుపు నా వెనక మూసుకుంది. రెండో అంతస్తు దాటేలోపే పైన తలుపు కొట్టడం మొదలైంది. ముందు చేతులతో, గట్టిగా.

"పిల్లా! ఓ పిల్లా! తియ్యవే!"

మదామ్ బుర్దూ గది తలుపు వేసి ఉంది. లోపల కేబేజీ వాసన, దీపం వెలుగు. తట్టలేదు. వీధిలోకి వచ్చి జనంలో పడి నడిచాను.

మూడు రోజుల తర్వాత ఒక్తావ్ వేలంశాలకొచ్చాడు. నల్లపట్టీ కట్టుకున్నాడు.

"అత్త పోయింది. తలుపు దగ్గర నేల మీద పడి ఉంది. వేళ్ళ కణుపులు చూడలేకపోయాను, చర్మం లేదు. తలుపేమో గడియ కూడా పెట్టి లేదు. వేలితో లాగితే తెరుచుకుంది. తెరిచి ఉన్న తలుపును ఎందుకు కొట్టుకున్నట్టు?" నన్ను పట్టి చూశాడు. "మీరు బయల్దేరేప్పుడు బాగానే ఉందిగా?"

"బాగానే ఉన్నారు."

"ఆ బుర్దూ ముండ రెండు రోజులు చప్పుడు విందట. పైకెందుకు పోలేదే అంటే, ముందు నవ్వులు వినిపించాయి, చుట్టాలొచ్చి సరదాగా ఉన్నారనుకున్నా అంటుంది." టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "సరే. బొమ్మ సంగతి రాశారా?"

రాశాను. ఆ రోజే, అతని ముందే. 'హాస్య చిత్రం. కొత్త దంపతుల గది ముందు ఇరుగుపొరుగు. చక్కని స్థితిలో ఉంది.' బొమ్మ లియోన్‌లో ఎవరికో అమ్ముడుపోయింది. నేను మళ్ళీ దాని వైపు చూడలేదు.

డిసెంబరు గడిచింది. నేను మామూలుగానే ఉన్నాను. పొద్దున్న తొమ్మిదింటికి వెళతాను, ఏడింటికి వస్తాను. నా గదిలో ఏ చప్పుడూ లేదు. రొజీన్ ఉండే గదిలో ఇప్పుడు మదామ్ పెలిస్యే అనే విధవరాలు ఉంటోంది. కోపిష్ఠి మనిషి. నిన్న పొద్దున మెట్ల మీద నన్ను ఆపేసింది.

"చూడమ్మా, అద్దె నేనూ కడుతున్నాను. నువ్వు పనికి పోయాక నీ గదిలో ఎవరిని పెట్టి తాళం వేస్తున్నావో నాకనవసరం. కానీ పొద్దస్తమానం తలుపు కొట్టుకుంటుంటే నేను బతకాలా వద్దా?"

"నా గదిలో ఎవరూ లేరండీ."

"నాకు చెవులున్నాయి. క్రిస్మస్ దగ్గర్నుంచి వింటున్నా. తాళంచెవి కన్నంలోంచి అడిగాను కూడా, ఎవరమ్మా మీరని. పలకరు. కొడతారు, అంతే. ముగ్గురున్నారు. ముగ్గురూ కిందే కొడతారు, గడప దగ్గర, నేల మీద పాకే మనుషుల్లాగా."

గోడ పట్టుకున్నాను. ముగ్గురు. ఆ ముగ్గురెవరో నేను చెప్పగలను: రొజీన్, కెనెల్ ముసలావిడ, నీళ్ళడిగిన ఆ కుట్టుపని మనిషి.

మదామ్ పెలిస్యే నా మొహంలోకి చూసి కొంచెం వెనక్కి జరిగింది. గొంతు తగ్గించింది.

"నిన్నట్నుంచి నాలుగో మనిషి కూడా ఉన్నాడు తల్లీ. వాడు కింద కొట్టడం లేదు. నిలబడి, పైన, తలుపు పై అంచు దగ్గర కొడుతున్నాడు. నిదానంగా. అంత ఎత్తు మనిషి నీ గదిలో ఎలా పడుతున్నాడమ్మా?"